యోహాను చూసిన పచ్చ

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు. నాకు పరిశోధన నేర్పిన గైడుకు అసలే చెప్పలేదు. ఏళ్ళ తరబడి గుండెల మీద మోస్తున్నాను. మోస్తున్నాను అంటే రాత్రింబవళ్ళు ఏడుస్తూ కూర్చున్నానని అనుకోకండి. బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను, ఉద్యోగం వస్తే స్వీట్లు పంచాను. అంత బాగా బతకగలిగానన్నదే ఇప్పుడు నన్ను ఎక్కువ భయపెడుతోంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే మాత్రం నమ్మకండి. అది నాకు బాగా అలవాటైన పని.

నేను కడప టౌన్లో పుట్టి పెరిగినదాన్ని. ఇంగ్లీషు మీడియం చదువు. కన్ను ఎలా చూస్తుంది, చూసినదాన్ని మెదడు ఎలా అర్థం చేసుకుంటుంది అనే శాస్త్రంలో పరిశోధన చేయడానికి కర్నూలు వచ్చాను. ఏ కాలేజీ అన్నది వద్దు. మాలాంటి పరిశోధక విద్యార్థులు కంటి పరీక్షల కోర్సు చదివే కింది తరగతులకు ల్యాబు పాఠాలు చెప్పాలి, కొంతమంది పిల్లలకు మెంటరుగా ఉండాలి. మెంటరు అంటే చదువొక్కటే చూసుకుంటే చాలదు, పిల్లల దిగులు, ఇంటి కష్టం కూడా వినాలని మాకు చెప్పారు. నాకది ఎంత నచ్చిందో! ఎవరైనా నా ముందు చేతులు కట్టుకుని నిలబడి "ఏం చేయమంటారు మేడం?" అంటే లోపల ఒక రకమైన హాయి కలిగేది. వాళ్ళకంటే నేను నాలుగైదేళ్ళు పెద్దదాన్ని, అంతే. ఆ మాత్రానికే అన్నీ తెలిసిన మనిషిలా తల ఊపేదాన్ని.

నాకు అప్పగించిన పిల్లల్లో యోహాను ఒకడు. అసలు పేరు అది కాదు. కోసిగి పక్క పల్లె. వానలు పడని ఏడు వాళ్ళ అమ్మానాన్నలు ఇంటికి తాళం వేసి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్ళిపోయేవాళ్ళు. అందుకే సెలవులిచ్చినా అతను హాస్టల్లోనే ఉండిపోయేవాడు. పదో తరగతి దాకా, ఆ తర్వాత కూడా, తెలుగులోనే చదివాడు. ఇంగ్లీషు మాట ఏదైనా పలకాలంటే ముందు పెదాలతో ఒకసారి అనుకుని చూసుకునేవాడు. అది చూసి నాకు ముద్దొచ్చేది, విసుగూ వచ్చేది. అయితే పల్లెల్లో కంటి క్యాంపులకు వెళ్ళినప్పుడు ముసలివాళ్ళు అతని దగ్గరే కూర్చుంటామనేవాళ్ళు. వాళ్ళ భాష అతనికి వచ్చు. నాకు రాదని అప్పట్లో నాకు తెలియదు.

రంగుల చూపు పాఠం వచ్చింది. మా ల్యాబులో లాంతరు అని పిలిచే ఒక ఇనప డబ్బా ఉండేది. లోపల బల్బు, ముందువైపు చిన్న రంధ్రం. మీట తిప్పితే ఎరుపు, ఆకుపచ్చ, పసుపుపచ్చ అద్దాలు మారతాయి. గదిని చీకటి చేసి, మనిషిని దూరంగా కూర్చోబెట్టి, ఆ చుక్కంత వెలుగు రంగు ఏమిటో చెప్పమంటాం. సిగ్నళ్ళు చూసి పనిచేయాల్సిన వాళ్ళకు పెట్టే పరీక్ష అది. ఆలోచించకుండా, ఒక్క మాటలో చెప్పాలి. ఆ రోజు నేను ఇంకొక నియమం కూడా పెట్టాను. పల్లె జనానికి ఎల్లో, గ్రీన్ అంటే ఏం తెలుస్తుంది, కాబట్టి అడిగేవాళ్ళు తెలుగులో అడగాలి, చెప్పేవాళ్ళు తెలుగులో చెప్పాలి అన్నాను. అలా అన్నందుకు నా మీద నాకే గొప్ప అనిపించింది.

ముందుగా యోహానును కూర్చోబెట్టాను. పసుపు వెలుగు చూపించాను. "పచ్చ" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఎరుపు చూపించాను. "ఎర్ర" అన్నాడు. ఆకుపచ్చ చూపించాను. నవ్వు విన్నాడు కదా, కాస్త తడబడ్డాడు. "ఇదీ పచ్చే మేడం, ఆకు..." అని ఇంకేదో అనబోయాడు. నేను అననివ్వలేదు. లైటు వేసేశాను. నా ఒళ్ళంతా ఉత్సాహం. పుస్తకాల్లో చదివింది నా కళ్ళ ముందు, నా క్లాసులో దొరికింది! "చూశారా? పసుపు, ఆకుపచ్చ రెండూ ఇతనికి ఒకటే" అన్నాను. క్లాసంతా అతని వైపు తిరిగింది.

ఆ తర్వాత గంటంతా నా నోటికి అడ్డే లేదు. ఇది పుట్టుకతో వచ్చే లోపం అన్నాను. తల్లి నుంచి కొడుక్కి వస్తుంది, తల్లిలో బయటికి కనిపించదు, కొడుకులో బయటపడుతుంది అన్నాను. ఈ లోపం ఉన్నవాళ్ళకు తమకు ఉన్నట్టే తెలియదు, తమకు అన్నీ సరిగానే కనిపిస్తున్నాయని అనుకుంటారు అన్నాను. పాఠంగా అవన్నీ సరైన మాటలే. యోహాను అవన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు. నిజంగా లోపం ఉందో లేదో తేల్చే పుస్తకం, రంగు చుక్కల మధ్య అంకెలు దాచి ఉంచే పుస్తకం, నా బల్ల సొరుగులోనే ఉంది. తీసి చూపిస్తే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. ఎందుకు తీయలేదు? టైము లేదని ఆ రోజు అనుకున్నాను. అబద్ధం. దొరికిన ఉదాహరణను పోగొట్టుకోవడం ఇష్టంలేక తీయలేదు.

తర్వాత ఇంకో రెండు బ్యాచీలకు కూడా అతన్నే పిలిచి కూర్చోబెట్టాను. అడిగితే కాదనలేదు. వచ్చి కూర్చుని, నాకు కావలసిన మాటే చెప్పి వెళ్ళిపోయేవాడు. మా గైడు తలుపు దగ్గర నిలబడి ఒక క్లాసు చూశారు. పాఠం చెప్పడమంటే ఇదీ అని నలుగురిలో మెచ్చుకున్నారు. పై నెల సెమినారులో ఇదే చెప్పమన్నారు. నేను గాల్లో తేలిపోయాను.

ఆ మధ్యలోనే కోడుమూరులో కంటి క్యాంపు పెట్టాం. శుక్లాలు ఉన్నవాళ్ళకు చొక్కా మీదో, కొంగు మీదో పసుపు స్టిక్కరు అంటించాం. వాళ్ళను ఆపరేషనుకు బస్సులో కర్నూలు తీసుకెళ్ళాలి. చుక్కల మందు ఇచ్చి పంపేవాళ్ళకు ఆకుపచ్చ స్టిక్కరు. సాయంత్రం నేనే మైకు తీసుకుని, "పచ్చ స్టిక్కరు ఉన్నవాళ్ళు ఇంటికి వెళ్ళిపోవచ్చు" అన్నాను. జనమంతా లేచారు. బస్సు ఎక్కాల్సిన వాళ్ళు సంచులు చంకన పెట్టుకుని గేటు దాటుతున్నారు. నేను పరుగెత్తి ఒక పెద్దాయన్ను ఆపితే, ఆయన తన పసుపు స్టిక్కరు చూపించి, "ఏమ్మా, పచ్చవాళ్ళు పోండి అంటివి గదా? ఇది పచ్చ గాదా? అది ఆకుపచ్చ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పసుపు స్టిక్కర్ల వాళ్ళను బస్సు వైపు మళ్ళించాను.

తిరుగు ప్రయాణంలో వ్యానులో పిల్లలు పాటలు పాడుతున్నారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మా అవ్వ కూడా పసుపు రాసిన బట్టను పచ్చబట్ట అనేది కదా? కామెర్లను పచ్చకామెర్లు అంటాం, ఆ కళ్ళు ఆకు రంగులోకి మారతాయా ఏమిటి? ఈ మాట నా ఇంట్లోనే ఉంది. నేను పుట్టిన గడ్డ మాట ఇది. ఇంగ్లీషులో రంగులు నేర్చుకుని నేను దాన్ని మరిచిపోయాను, అతను మరిచిపోలేదు. తెలుగులో చెప్పమన్నది నేనే. "ఆకు..." అని అతను అనబోయిన మాట వ్యానులో నా చెవిలో మళ్ళీ మళ్ళీ వినపడింది. యోహాను వెనక సీట్లో ఎవరి సంచికో తల ఆనించుకుని నిద్రపోతున్నాడు.

ఇక్కడి దాకా జరిగింది పొరపాటు. పొరపాటు చేయని మాస్టరు ఉండరు. మర్నాడు అతన్ని పిలిచి, పుస్తకం చూపించి, క్లాసులో అందరి ముందూ "తప్పు నాదే" అని ఉంటే ఒక నవ్వులాటగా అయిపోయేది. ఈ గొడవంతా మీ ముందుకు వచ్చేదే కాదు. నేను అలా చేయలేదు. సెమినారు అయ్యాక చెబుదామనుకున్నాను. సెమినారు అయ్యింది, చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టాక ఎలా చెప్పను? పరీక్షలు కానీ అనుకున్నాను. అయినా అతనికి దీనివల్ల వచ్చిన నష్టమేముంది, రంగుల లోపం ఉంటే కంటి పరీక్షలు చేయకూడదని ఎవరన్నారు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అలా సర్ది చెప్పుకోవడంలో నేను ఆరితేరాను.

అప్పుడు అతనే వచ్చాడు. మధ్యాహ్నం, అన్నాల వేళ. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. తలుపు దగ్గరే నిలబడ్డాడు, ఎంత చెప్పినా కూర్చోలేదు.

"మేడం, రైల్వేలో పాయింట్స్‌మన్ పోస్టుకు రాసింటి, బండ్లకు జెండా చూపిచ్చే పని. పాసైనా. మూట మోసేది, పరుగెత్తేది గూడా అయిపాయ. ఇంగ మెడికల్ ఒకటే ఉండాది" అన్నాడు.

"మంచిదే కదా" అన్నాను. అప్పటికే నాకు అర్థమైపోయింది.

"ఆడ కండ్లు చూస్తారంట మేడం. రంగులు చూస్తారంట. మీరు ఇంగో తూరి నా కండ్లు చూస్తారా? నాకేమో అన్నీ యేరే యేరేగానే కనపడ్తాండాయి."

"లోపం ఉన్నవాళ్ళందరూ అలాగే అనుకుంటారు యోహాను. క్లాసులో చెప్పాను కదా."

"అవును మేడం. చెప్పినారు."

నేను కాగితాలు సర్దుతున్నట్టు నటించాను. సొరుగు నా మోకాలికి తగులుతోంది.

"ఇంగో తూరి చూస్తే ఏమన్నా మారుతుందేమో అని..."

"మళ్ళీ చూడాల్సిన అవసరం లేదు. వెళ్ళడం నీ ఇష్టం. వెళ్ళినా లాభం ఉండదు."

అతను తల ఊపాడు. "నిజమే మేడం. వాళ్ళు సరిగ్గా చూడక తీసుకున్యారే అనుకోండి, రేపొద్దున నేను జెండా తప్పు చూపిచ్చి బండ్లు గుద్దుకుంటే ఎంతమంది పోతారు? ఆ పాపం నాకొద్దు. మీరు చెప్పింది మంచిదాయ" అని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

అంతే. ఇదే నా నేరం. పెద్ద కథేమీ లేదు. అతని కళ్ళు బాగున్నాయని తెలిసి, బాగాలేవని చెప్పాను. వెళితే పాసవుతాడని తెలిసి వెళ్ళొద్దన్నాను. అసలు నిజం ఇంకా నీచంగా ఉంది. వెళితే పాసవుతాడనే వెళ్ళొద్దన్నాను. పాసై తిరిగి వచ్చి నవ్వుతూ "మేడం, నా కండ్లు బాగుండాయంట" అంటే, ఆ మాట గైడు చెవిన పడితే, నా చప్పట్లు ఏమైపోతాయి? ఆ క్షణంలో నా తల్లో తిరిగింది అదొక్కటే. అతని ఇంటి తాళం గుర్తు రాలేదు, మిరప చేలు గుర్తు రాలేదు. మెంటరుని కదా, అన్నీ విన్నదాన్నే. ఏదీ గుర్తు రాలేదు.

అతను వెళ్ళలేదు. మెడికల్ తేదీ ఏదో నాకు తెలుసు. ఆ రోజు పొద్దున అతన్ని మెస్సు దగ్గర చూశాను, ప్లేటు కడుక్కుంటున్నాడు. అప్పుడైనా పరుగెత్తి చెప్పి ఉంటే బస్సెక్కేవాడేమో. నా కాళ్ళు కదల్లేదు. కాళ్ళ మీద ఎందుకు నెడుతున్నానో చూడండి. నేను కదల్లేదు.

కోర్సు అయిపోయింది, అతను వెళ్ళిపోయాడు. నాకు డాక్టరేటు వచ్చింది, తర్వాత పాఠాలు చెప్పే ఉద్యోగమూ వచ్చింది. ఒకటి రెండుసార్లు అతనికి ఫోను చేశాను, నంబరు పనిచేయలేదు. పనిచేయనందుకు ఊపిరి పీల్చుకున్నాను. కోసిగి వైపు క్యాంపు అంటే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేదాన్ని. నిరుడు తప్పలేదు. వెళ్ళాల్సిన డాక్టరుకు ఒంట్లో బాగాలేకపోతే నన్ను పంపారు.

బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. కళ్ళలో చుక్కల మందు వేసిన ముసలమ్మలు వరసగా వస్తున్నారు. ఒకామె కన్ను నేను వేళ్ళతో తెరిచి టార్చి వేసి చూస్తుంటే, మీరు కర్నూల్లో చదువు చెప్తాంటిరా అని అడిగింది. అవునన్నాను. మా యోహాను తెలుసా అంది. నేను టార్చి ఆర్పేశాను. ఆమె నా మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. మిరపకాయలు కోసి కోసి బిరుసెక్కిన చేతులు.

"మీరేనా తల్లీ! మా వాడు మీ పేరు శానా చెప్తాడు. మీరు చెప్పబట్టి తెలిసె. లేకుంటే వాడు పోయి ఆ పనిలో చేరి, ఎన్ని ప్రాణాలు తీసుండునో. దేవుడే మిమ్మల్ని పంపిచ్చినాడు. ఆదివారం ఆదివారం మీ కోసరం ప్రార్థన చేస్తాండాను" అంది.

యోహాను ఆదోనిలో ఒక కళ్ళద్దాల షాపులో పనిచేస్తున్నాడట. లోపల గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగిస్తాడట. ముందుకొచ్చి జనానికి కళ్ళు చూడమంటే ఒప్పుకోడట. నా కండ్లే సరిలేవు, ఒకరి కండ్లు నేనేం చూస్తా అంటాడట. పెళ్ళయింది. అంగట్లో టమాటాలు ఏరాలన్నా, చొక్కా కొనాలన్నా పెండ్లాన్ని రంగు అడుగుతాడట. ఆమె ఇదంతా కొడుకు మంచితనం చెప్పినట్టుగా, నవ్వుతూ చెప్పింది. పక్కన కూర్చున్న ఇంకో అవ్వ కూడా అయ్యో పాపం అని నవ్వింది.

తర్వాత ఆమె గొంతు తగ్గించింది. వెనక వరసలో వాళ్ళకు వినపడకూడదని నా మీదికి వంగింది. "వాని తప్పేముండాది తల్లీ. నా కడుపులోదే గదా ఆ లోపం. తల్లి కాడ్నించి వస్తుందంట, వాడు రాసుకున్యాడు. వాడు నన్ను ఒగ మాట గూడా అనలేదు. నాకే, వాని మొగం చూస్తే తిన్న కూడు దిగదు. నా కూతురికి మొగబిడ్డ పుట్టె. వానికీ వస్తుందేమో అని భయం. ఏమన్నా మందు ఉండాదా తల్లీ?"

మీరైతే ఏం చేసేవాళ్ళు? నేను చెప్పేస్తానని నాకే అనిపించింది. నోరు తెరిచాను. అమ్మా, నీ కొడుకు కళ్ళు చల్లగా ఉన్నాయి, నీ కడుపులో ఏ లోపమూ లేదు. ఇంతే కదా అనాల్సింది. వెనక వరస కదులుతోంది, నర్సు తర్వాతి పేరు పిలుస్తోంది, ఆమె చేతులు నా చేతిని పట్టుకునే ఉన్నాయి. అవి వదిలేస్తాయని భయపడ్డాను. నన్ను ఎవరూ అంత ప్రేమగా పట్టుకోలేదు. నాకు హక్కులేని ఆ ప్రేమను ఇంకొక్క క్షణం ఉంచుకుందామనుకున్నాను. "మనవడికి ఏం కాదులేమ్మా, భయపడకు" అన్నాను. అంతవరకే నోరు పెగిలింది. ఆమె నన్ను దీవించి, గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేను ఆదోని ఎందుకు వెళ్ళలేదు? రోజూ అడుగుతున్నాను. వెళ్ళి చెబితే ఏమవుతుంది? ఉద్యోగానికి వయసు దాటిపోయింది, దాన్ని నేను తెచ్చి ఇవ్వలేను. నీ కళ్ళు బాగున్నాయి అని చెబితే, ఇన్నేళ్ళూ ఊరికే పోయాయని కూడా చెప్పినట్టే కదా. అంతకంటే తెలియకుండా ఉండటమే అతనికి నయమేమో అనిపిస్తుంది. అలా అనిపించిన వెంటనే నన్ను నేను పట్టుకుంటాను, ఇదిగో మళ్ళీ సర్ది చెప్పుకుంటున్నాను అని. అతనికి ఏది నయమో తేల్చడానికి నేనెవరిని? ఒకసారి తేల్చినందుకే కదా ఇదంతా. చెబితే అతను బాధపడతాడు. చెప్పకపోతే ఆ తల్లి చచ్చేదాకా తన కడుపును తిట్టుకుంటుంది. రెండు దారులూ తెలుసు, ఏ దారిలోనూ అడుగు పడటం లేదు. ఇంత చదువూ చదివి నాకు మిగిలిన తెలివి ఇదీ.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించే హక్కున్నవాళ్ళకు నేను చేసింది తెలియదు, తెలియక నా కోసం ప్రార్థన చేస్తున్నారు. ఆ ప్రార్థన ఆగిపోవాలని ఇది రాస్తున్నాను. పేరు మార్చాను కానీ ఊరు మార్చలేదు, పని మార్చలేదు. యోహాను తెలుగు బాగా చదువుతాడు. ఎవరైనా చూపిస్తే, లేదా షాపులో ఏ పొట్లం కాగితంలోనో కంటపడితే, తన సంగతేనని పోల్చుకుంటాడు.

అందుకే బిగ్గరగా చదివినా అర్థమయ్యేలా, వాళ్ళమ్మకు వినిపించడానికి వీలుగా, ఒక్కసారి తిన్నగా చెబుతాను. అమ్మా, నీ కొడుకు కళ్ళు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. నీ నుంచి అతనికి ఏ లోపమూ రాలేదు. అతను నా తలుపు దగ్గర నిలబడి ఇంకోసారి చూడమని అడిగిన రోజుకే నాకు ఆ సంగతి తెలుసు. తెలిసే, చూడనన్నాను.